వీడియో స్కోపులు చూసి వెలుగు, రంగు సరిచేయడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు పట్టణాల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే గదులు చాలా వరకు ఒకే తీరుగా ఉంటాయి. గోడకు ఒక ట్యూబులైటు, బల్ల మీద మామూలు ఆఫీసు మానిటరు, పక్కన వరుసగా హార్డ్‌డిస్కులు. ఆ మానిటరు బ్రైట్‌నెస్ ఎంతలో ఉందో, దాని రంగు ఏ వైపుకు ఒరిగి ఉందో చాలామంది ఒక్కసారి కూడా చూసి ఉండరు. అయినా పెళ్లికూతురి ముఖం మీద వెలుగు ఎంత ఉండాలి, పట్టుచీర ఎరుపు ఎంత గాఢంగా ఉండాలి అన్న నిర్ణయాలన్నీ ఆ తెరను చూసే జరిగిపోతాయి.

నేను కూడా కొన్నేళ్లు అలాగే పనిచేశాను. ఒక పెళ్లి పనిని వరుసగా నాలుగు రాత్రులు, బ్రైట్‌నెస్ బాగా తగ్గించిన మానిటరు మీద చేసి, ప్రతి క్లిప్పూ చీకటిగా ఉందనిపించి వెలుగు పెంచుకుంటూ పోయాను. ఆ ఇంటివాళ్లు పిలిచి టీవీలో వేసి చూపించినప్పుడు, తలంబ్రాల ఘట్టంలో పెళ్లికొడుకు కట్టుకున్న మధుపర్కం నేత గానీ మడత గానీ లేని తెల్లటి మరకలా కనిపించింది. కెమెరా తీసిన ఒరిజినల్ క్లిప్పులో ఆ మడతలన్నీ ఉన్నాయి. వాటిని చెరిపింది నేనే. ఆ రోజు నుంచి స్కోపులు తెరవకుండా ఒక్క క్లిప్పు కూడా సరిచేయలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు ఆ దెబ్బ తినకముందే స్కోపులు చదవడం నేర్చుకోవాలన్న కోరికతో ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

స్కోపు మానిటరును చూడదు. ఫ్రేములోని ప్రతి పిక్సెల్‌కు ఉన్న అంకెను చదివి గీత రూపంలో చూపుతుంది. మన కన్ను అలా కాదు. పసుపుపచ్చని లైటు కింద పది నిమిషాలు కూర్చుంటే కన్ను దానికి అలవాటుపడి, పచ్చగా ఉన్న కాగితాన్ని కూడా తెల్లగానే చూపిస్తుంది. ఒకప్పుడు టీవీ కేంద్రాల్లో టెక్‌ట్రానిక్స్ వంటి కంపెనీలు తయారుచేసిన విడి పరికరాలు ఈ పని చేసేవి. ఇప్పుడు ఉచితంగా దొరికే డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కూడా అవే స్కోపులు ఉన్నాయి.

ముందుగా టైమ్‌లైన్‌ను సిద్ధం చేసుకోండి

రిజాల్వ్‌లో వర్క్‌స్పేస్ మెనూలోని వీడియో స్కోప్స్‌ను ఆన్ చేస్తే స్కోపుల కిటికీ తెరుచుకుంటుంది. ప్రీమియర్ ప్రోలో విండో మెనూలో లుమెట్రీ స్కోప్స్ అనే పేరుతో ఉంటాయి. ఆ ప్యానెల్ అడుగున ఉన్న స్పానర్ గుర్తు నొక్కితే ఏ స్కోపు కావాలో ఎంచుకోవచ్చు. ఫైనల్ కట్ ప్రోలో కమాండ్ మీట, 7 కలిపి నొక్కితే చాలు. మన వైపు ఎక్కువమంది వాడే ఎడియస్‌లో కూడా వెలుగును చూపే వేవ్‌ఫారమ్, రంగును చూపే వెక్టర్‌స్కోపు ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేర్ అయినా గీతలు చదివే పద్ధతి ఒక్కటే కాబట్టి, ఒకచోట నేర్చుకుంటే మరోచోట మళ్లీ నేర్చుకోవలసిన అవసరం రాదు.

రెండో మానిటరు ఉంటే స్కోపులను దాని మీదికి తీసుకెళ్లండి. మూలన వేలెడు చోటులో పెట్టుకున్న స్కోపులో గీతల తేడాలు తెలియవు.

టీవీలోనూ యూట్యూబ్‌లోనూ చూపించే మామూలు హెచ్‌డీ పనికి టైమ్‌లైన్ రంగుల ప్రమాణం రెక్ 709 ఉండాలి. ఇది అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1990లో ఆమోదించిన ప్రమాణం. దీని ప్రకారం 8 బిట్ వీడియోలో, అంటే ఒక్కో రంగుకు 0 నుంచి 255 వరకు మెట్లున్న వీడియోలో, నలుపు 16 అంకె దగ్గర, తెలుపు 235 దగ్గర ఉంటాయి. 10 బిట్‌లో అవే స్థానాలు 64, 940. కంప్యూటరు బొమ్మలు మాత్రం 0 నుంచి 255 వరకు మొత్తం వాడుకుంటాయి. మొదటిదాన్ని వీడియో లెవెల్స్ అనీ రెండోదాన్ని ఫుల్ లెవెల్స్ అనీ అంటారు. ఒక క్లిప్పు ఏ పద్ధతిలో రికార్డయిందో సాఫ్ట్‌వేర్ పొరపాటుగా అర్థం చేసుకుంటే, మీరు ఆ తరువాత చేసే పని అంతా ఆ పొరపాటు మీదే నిలబడుతుంది.

దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. చిక్కటి నలుపూ మంచి తెలుపూ రెండూ ఉన్న ఫ్రేము దగ్గర ఆగి వేవ్‌ఫారమ్ చూడండి. దాని 0 నుంచి 100 వరకు ఉన్న కొలబద్ద మీద నలుపు ఎక్కడా 6 కంటే కిందికి దిగకుండా, తెలుపు ఎక్కడా 92 దాటకుండా ఉండి, బొమ్మ పల్చటి తెర వేసినట్టు కనిపిస్తే, వీడియో లెవెల్స్ ఉన్న క్లిప్పును సాఫ్ట్‌వేర్ ఫుల్ లెవెల్స్‌గా చదువుతున్నదని అర్థం. 255లో 16 అంటే సుమారు 6 శాతం, 235 అంటే సుమారు 92 శాతం. ఆ రెండు అంకెలు అక్కడి నుంచే వచ్చాయి. తలకిందులుగా జరిగితే నీడలు అడుగున నలిగిపోయి, తెలుపులు పైన నరికేసినట్టు ఉంటాయి. రిజాల్వ్‌లో క్లిప్పు మీద కుడి బటన్ నొక్కి, క్లిప్ ఆట్రిబ్యూట్స్‌లోని డేటా లెవెల్స్ దగ్గర దీన్ని సరిచేయవచ్చు. ఈ పొరపాటును గమనించక కాంట్రాస్ట్ పెంచి సర్దుకునేవారిని చాలామందిని చూశాను. అది రోగం వదిలేసి లక్షణానికి మందు వేయడమే.

లాగ్ పద్ధతిలో, అంటే వెలుగునీడల వివరం ఎక్కువ నిలవాలని కాంట్రాస్ట్ తగ్గించి, తీసిన క్లిప్పుల విషయంలో మరో జాగ్రత్త అవసరం. సోనీ ఎస్-లాగ్3లో మధ్యస్థ బూడిద రంగు 41 దగ్గర, తెల్ల కాగితం 61 దగ్గర రికార్డవుతాయి. అంటే అందులో తెలుపు 61 దగ్గరే ఉండటం తప్పు కాదు, దాని స్వభావమే అది. దాన్ని ముందుగా రెక్ 709కు మార్చుకుని, ఆ తరువాతే స్కోపు చదవండి.

తెలిసిన బొమ్మతో మొదలుపెట్టండి

పెళ్లి క్లిప్పును స్కోపులో చూస్తే తొలిరోజుల్లో అది చిక్కుపడిన దారపు ఉండలా కనిపిస్తుంది. అందుకే ముందు జవాబు తెలిసిన బొమ్మను వేసి చూడాలి. రిజాల్వ్‌లో ఎఫెక్ట్స్ లోని జనరేటర్స్ విభాగంలో గ్రే స్కేల్, ఎస్‌ఎంపీటీఈ కలర్ బార్ అనేవి ఉంటాయి. ప్రీమియర్‌లో కొత్త ఐటమ్‌గా బార్స్ అండ్ టోన్ తెచ్చుకోవచ్చు. గ్రే స్కేల్ వేస్తే వేవ్‌ఫారమ్‌లో నలుపు నుంచి తెలుపు దాకా ఎక్కే గీత వస్తుంది, వెక్టర్‌స్కోపులో మాత్రం నట్టనడుమ ఒక్క చుక్క మిగులుతుంది, ఎందుకంటే బూడిద రంగులో రంగు లేదు. కలర్ బార్ వేస్తే వెక్టర్‌స్కోపులో ఆరు రంగులు వాటి వాటి చిన్న పెట్టెల్లో కూర్చుంటాయి. ఒక అరగంట ఈ రెండు బొమ్మల మీద లిఫ్ట్, గామా, గెయిన్ చక్రాలు ఒక్కొక్కటీ తిప్పి గీత ఎటు కదులుతున్నదో చూడండి. లిఫ్ట్ అడుగు భాగాన్నీ, గెయిన్ పై భాగాన్నీ ఎక్కువగా లాగుతాయి, గామా నడుమను కదిలిస్తుంది. ఇది చేతికి అలవాటయితే మిగతా పని సగం తేలికవుతుంది.

వేవ్‌ఫారమ్: వెలుగును చదవడం

వేవ్‌ఫారమ్‌లో ఎడమ నుంచి కుడికి అంటే బొమ్మలో ఎడమ నుంచి కుడికే. నిలువుగా మాత్రం చోటు కాదు, వెలుగు. ఫ్రేములో ఒక నిలువు పట్టీలో ఉన్న పిక్సెళ్లన్నీ, అవి పైన ఉన్నా కింద ఉన్నా, స్కోపులో అదే నిలువు పట్టీలో తమ తమ వెలుగును బట్టి పైకో కిందికో చేరతాయి. కాబట్టి స్కోపులో పైన కనిపించేది ఆకాశమే అయి ఉండనక్కరలేదు. కింద కూర్చున్న పురోహితుడి తెల్ల పంచె కూడా కావచ్చు. పెళ్లికూతురు ఎడమవైపు ఉంటే ఆమె తాలూకు గీతలన్నీ స్కోపులో ఎడమవైపే వెతకాలి.

కొలబద్ద 0 నుంచి 100 వరకు ఉంటుంది. దీని ప్రమాణం ఐఆర్‌ఈ. అమెరికాలోని రేడియో ఇంజనీర్ల సంస్థ పేరు నుంచి వచ్చింది. రిజాల్వ్‌లో మామూలుగా 0 నుంచి 1023 వరకు చూపిస్తుంది, సెట్టింగుల్లో శాతానికి మార్చుకోవచ్చు. మొదట్లో శాతంలో చూడటమే మేలు.

ముందు పైభాగం చూడండి. మా జిల్లాలో బండలాగుడు పోటీలు తీసే కెమెరామెన్లకు ఎదురయ్యే సమస్య దీనికి మంచి ఉదాహరణ. మధ్యాహ్నపు ఎండలో ఒంగోలు గిత్తల తెల్లటి ఒళ్లు వేవ్‌ఫారమ్‌లో 85 నుంచి 95 మధ్య చిన్న పొగమబ్బులా పరుచుకుని ఉండాలి. ఆ మబ్బులోని హెచ్చుతగ్గులే గంగడోలు ముడతలు, కండ మీద జారే వెలుగు. మూపురం, మెడ దగ్గరి బూడిద రంగు దానికి చాలా కింద విడిగా కనిపిస్తుంది. అదే వెలుగు మితిమీరితే ఆ మబ్బు అంతా 100 దగ్గర స్కేలు పెట్టి గీసినట్టు పల్చటి సరళరేఖగా మారుతుంది. అలా చదునైన గీత కనిపిస్తే అక్కడ వివరం పోయిందని అర్థం.

పోయిందా, ఇంకా దాగి ఉందా అన్నది తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. గెయిన్ తగ్గించి చూడండి. కిందికి దిగుతూ గీత విచ్చుకుని మళ్లీ మబ్బులా మారితే, కెమెరా 100 పైన కూడా కొంత రికార్డు చేసిందనీ ఆ వివరం మీకు తిరిగి దక్కిందనీ అర్థం. చాలా కెమెరాలు 109 వరకు రాస్తాయి. గీత చదునుగానే కిందికి దిగితే, మీకు దక్కేది తెల్ల మరకకు బదులు బూడిద మరక మాత్రమే. అప్పుడు గెయిన్‌ను ఎక్కడున్నదక్కడ వదిలేయండి. మురికిగా కనిపించే ఎద్దు కంటే కాస్త ఎక్కువ తెల్లబడిన ఎద్దే నయం. ప్రీమియర్‌లో ఈ పరీక్ష చేసేటప్పుడు స్కోపు అడుగున ఉన్న క్లాంప్ సిగ్నల్ టిక్కు తీసేయాలి, లేకపోతే 100 పైన ఉన్నది మీకు కనిపించదు.

అన్ని తెలుపులనూ కాపాడవలసిన అవసరం కూడా లేదు. మైపాడు తీరంలో సూర్యోదయం తీస్తే సూర్యబింబం 100 దాటి తెల్లబడటం సహజమే. దాన్ని కాపాడాలని మొత్తం దించేస్తే ఇసుక మీద నడిచే మనుషులు నీడలైపోతారు. ముఖ్యమైన వస్తువు ఏదో ముందు తేల్చుకుని, దాని గీతను చూడండి.

అడుగు భాగానికి చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు కంటే మంచి పాఠం నాకు తెలియదు. నిగనిగలాడే నల్లరాయి, అందులో బంగారు రజను చల్లినట్టు మెరుపులు. క్వారీ వాళ్ల ప్రచార వీడియోలు చేసేటప్పుడు రాయి నల్లగా కనపడాలని లిఫ్ట్‌ను బాగా దించేస్తే, రాయి 0 దగ్గర మందపాటి గీతగా అణిగిపోయి, చిన్న మెరుపులు కూడా దానితోపాటే మునిగిపోతాయి. రాయి గీత 3 నుంచి 10 మధ్య ఉండి, దాని మీద సన్నటి ముళ్లలా మెరుపులు పైకి లేస్తూ కనిపించేటట్టు నిలపండి. పెళ్లికూతురి జడ, పెళ్లికొడుకు జుట్టు విషయంలోనూ ఇదే లెక్క. 0ను తాకవలసినది ఫ్రేములో ఏదో ఒక చిన్న చీకటి మూల మాత్రమే.

పెరేడ్: మూడు రంగులను విడదీసి చూడటం

ఆర్‌జీబీ పెరేడ్ అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ విడివిడిగా మూడు వేవ్‌ఫారమ్‌లు పక్కపక్కన. కల్యాణమండపంలో తీసిన వీడియోలకు ఇది లేకుండా పనిచేయడం ప్రమాదం. ఎందుకో అంకెలతో చెప్పాలి.

మామూలు వేవ్‌ఫారమ్ వెలుగును లెక్కకట్టేటప్పుడు మూడు రంగులకూ సమాన వాటా ఇవ్వదు. రెక్ 709లో ఆకుపచ్చ వాటా 0.7152, ఎరుపు వాటా 0.2126, నీలం వాటా 0.0722. ఈ అంకెలు మనిషి కన్నుకు ఏ రంగు ఎంత వెలుగుగా తోస్తుందన్న దాని నుంచి వచ్చాయి. ఇప్పుడు మండపంలో వేదిక వెనుక వేసే నీలి ఎల్‌ఈడీ పార్ లైట్లను తలచుకోండి. నీలం 100 శాతానికి చేరి అక్కడ నరికివేయబడినా, వేవ్‌ఫారమ్‌లో అది 7 దగ్గరే కనిపిస్తుంది. అది చూసి చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచుతాం. పెరేడ్‌లో చూస్తే నీలం గడి పైకప్పుకు అతుక్కుపోయి ఉంటుంది. టీవీలో పెళ్లికూతురి భుజం అంచున కనిపించే చదునైన నీలి మచ్చ, నగ మీద చెక్కడం కనిపించకుండా అద్దినట్టు ఉండే రంగు, అక్కడ పుట్టినవే. అటువంటి చోట మొత్తం వెలుగును కదిలించకుండా నీలం గెయిన్‌ను మాత్రం తగ్గించండి, లేదా ఆ ప్రాంతంలో రంగు గాఢతను తగ్గించండి. కెమెరాలోనే నరికివేయబడితే పూర్తిగా తిరిగిరాదు కానీ, మచ్చ అంచులు మెత్తబడతాయి.

తెలుపును సరిచేయడం పెరేడ్ చేసే రెండో పని. రంగు లేని వస్తువు ఏదైనా ఫ్రేములో ఉంటే, ఆ చోట మూడు గడుల్లోనూ గీతలు ఒకే ఎత్తులో ఉండాలి. పసుపుపచ్చని బల్బుల కింద తీస్తే ఎరుపు ఎత్తుగా, నీలం కుంగి ఉంటాయి. పై భాగం తేడాను గెయిన్‌తో, అడుగు తేడాను లిఫ్ట్‌తో సరిచేసి గీతలను కలపండి.

ఏ వస్తువును నమ్మాలన్న దాని దగ్గర చాలామంది పొరపడతారు. మధుపర్కం మంచి ఆధారమే, కానీ దాని అంచుకు రంగు ఉంటుంది, కొసలకు పసుపు రాసి ఉంటారు; పంచె నడుమ భాగాన్ని చూసుకోవాలి. నీలిమందు వేసి ఉతికిన తెల్ల చొక్కాను నమ్మకండి. అది నిజంగానే నీలం వైపు ఒరిగి ఉంటుంది. దాన్ని తెలుపు చేయబోతే ముఖాలన్నీ పచ్చబడతాయి. వెండి పళ్లెం తన ముందున్న ప్రతి రంగునూ చూపిస్తుంది కాబట్టి అదీ పనికిరాదు. నా మటుకు నేను, కెమెరామెన్ తమ్ముళ్లను ముహూర్తానికి ముందు మండపంలో ఒక గ్రే కార్డును, అంటే ఏ రంగూ లేని బూడిద అట్టను, ఐదు సెకన్లు తీసిపెట్టమని అడుగుతాను. ఆ ఐదు సెకన్లు నాకు ఒక పూట పనిని మిగులుస్తాయి.

మొత్తం ఫ్రేములో మూడు గడులూ సమానంగా ఉండాలన్న అపోహ కూడా ఉంది. ఎర్రటి పట్టుచీర ఫ్రేము నిండా ఉంటే ఎరుపు గడి పైన ఉండటమే న్యాయం. దీపాల వెలుగులో జరిగిన పూజను తెల్లటి ట్యూబులైటు కింద జరిగినట్టు మార్చడం కూడా తప్పే. నీడల్లో మూడు రంగులనూ సమానంగా ఉంచి, దీపం దగ్గరి వెచ్చదనాన్ని అలాగే వదిలేయండి.

వెక్టర్‌స్కోపు: చర్మం రంగు

వెక్టర్‌స్కోపు గుండ్రంగా ఉంటుంది. ఇందులో వెలుగు కనిపించదు, రంగు మాత్రమే కనిపిస్తుంది. చుక్క ఏ దిక్కున ఉందన్నది ఏ రంగో చెబుతుంది, నడుమ నుంచి ఎంత దూరం జరిగిందన్నది ఆ రంగు ఎంత గాఢంగా ఉందో చెబుతుంది. గడియారం ముఖంతో పోలిస్తే ఎరుపు పదకొండున్నర దగ్గర, పసుపు తొమ్మిది దాటిన తరువాత కాస్త పైన ఉంటాయి. వాటి మధ్య, దాదాపు పదకొండు గంటల వైపు వాలిన గీతే చర్మం గీత. రిజాల్వ్‌లో ఇది మొదట కనిపించకపోతే వెక్టర్‌స్కోపు సెట్టింగుల్లో స్కిన్ టోన్ ఇండికేటర్‌ను ఆన్ చేయాలి.

ముఖాన్ని మాత్రమే స్కోపులో చూడాలంటే మిగతా ఫ్రేమును తప్పించాలి. ప్రీమియర్‌లో క్రాప్ ఎఫెక్ట్ వేసి చెంప దగ్గరి చిన్న ముక్కను మాత్రం ఉంచండి. రిజాల్వ్‌లో చెంప మీద పవర్ విండో గీసి హైలైట్ ఆన్ చేయండి. వెక్టర్‌స్కోపులో ఒక చిన్న తోక మిగులుతుంది. ఆ తోక గీత వెంట గానీ దానికి కాస్త అటూ ఇటూ గానీ ఉంటే చర్మం సహజంగా ఉన్నట్టే. ఎరుపు వైపు జరిగితే ముఖం కందినట్టు, పసుపు వైపు దాటితే కామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది. చూడటం అయిపోగానే క్రాప్‌ను తీసేయండి.

ఈ గీత ఎవరి చర్మానికైనా దాదాపు ఒకటే. చర్మం కింద పారే రక్తం అందరిదీ ఒకే రంగు కనుక, మనిషికీ మనిషికీ తేడా ఎక్కువగా వెలుగులోనూ గాఢతలోనూ ఉంటుంది గానీ దిక్కులో అంతగా ఉండదు. అందువల్ల రొయ్యల గుంటల దగ్గర రోజంతా ఎండలో నిలబడే మనిషి ముఖమూ, ఇంటిపట్టున ఉండే మనిషి ముఖమూ వెక్టర్‌స్కోపులో ఒకే దిక్కున కనిపిస్తాయి. వేవ్‌ఫారమ్‌లో మాత్రం ఎత్తు వేరుగా ఉంటుంది.

ఇక్కడ నేను గట్టిగా నమ్మే మాట ఒకటి చెప్పాలి. ముఖం 70 దగ్గర ఉండాలని చాలా పాఠాల్లో చెబుతారు. అది తెల్లటి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని చెప్పిన అంకె. చామనఛాయ ముఖం 45, 55 మధ్య, నల్లని ముఖం 30 నుంచి 45 మధ్య ఉన్నా అది సరైన ఎక్స్‌పోజరే. “అమ్మాయిని కొంచెం తెల్లగా చూపించు అన్నా” అని ఇంటివాళ్లు అడుగుతారు. ఆ మాట విని 45 దగ్గర ఉన్న ముఖాన్ని 70కి లాగితే చెంపల గుండ్రదనం పోతుంది, 8 బిట్ క్లిప్పులో ఉన్న 256 మెట్లే సాగి నీడల్లో చారలు పడతాయి, పక్కనే నిలబడిన ఆమె సొంత అక్కచెల్లెళ్ల పక్కన ఆమె పరాయిదానిలా కనిపిస్తుంది. కళ్ల కింద నీడను కొద్దిగా తేల్చండి, ముఖం మీద వెలుగు సమానంగా ఉండేటట్టు చూడండి, రంగును మాత్రం ఆమెదే ఉంచండి. ఇంటివాళ్లకు రెండూ పక్కపక్కన చూపించి చెబితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

మన పెళ్లిళ్లకు మాత్రమే సంబంధించిన మరో విషయం. నలుగు పెట్టి మంగళస్నానం చేయించిన పెళ్లికూతురి ముఖం మీద పసుపు ఛాయ ఉంటుంది. వెక్టర్‌స్కోపులో ఆమె చెంప తోక గీతను దాటి పసుపు వైపు వాలి ఉంటే అది తప్పు కాదు, పసుపే. గీత మీదికి బలవంతంగా తోస్తే పసుపు పెట్టిన ముఖం పోయి, పక్కన నిలబడిన వాళ్లందరూ ఎర్రబడతారు. ఇటువంటి ఫ్రేములో పసుపు పూయని మనిషి చెంపను, ఉదాహరణకు పక్కనే ఉన్న మేనత్త చెంపను, క్రాప్ చేసి దాన్ని గీత మీద నిలపండి. ఆమె సరిగా ఉంటే పెళ్లికూతురి ముఖం తానంతట తానే సరైన చోటికి వస్తుంది.

గాఢతకు హద్దు కూడా ఇక్కడే తెలుస్తుంది. రంగుల పెట్టెలను ఒకదానితో ఒకటి కలిపితే వచ్చే ఆరు మూలల హద్దును ఊహించుకోండి. పట్టుచీర ఎరుపు, బంతిపూల నారింజ ఆ హద్దును దాటి బయటికి పోతుంటే సాచురేషన్ తగ్గించండి. దాటిన రంగులో జరీ పోగులు కలిసిపోయి ముద్దగా కనిపిస్తాయి.

హిస్టోగ్రామ్ గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అది ఎంత వెలుగు ఎన్ని పిక్సెళ్లకు ఉందో చెబుతుంది గానీ ఎక్కడుందో చెప్పదు. క్లిప్పును మితిమీరి సాగదీసినప్పుడు దువ్వెన పళ్లలా ఖాళీలు కనిపిస్తాయి, ఆ ఒక్క హెచ్చరిక కోసం నేను దాన్ని చూస్తాను.

కెమెరాలను ఒకదానితో ఒకటి కలపడం

మూడు కెమెరాలతో తీసిన పెళ్లిలో ముందు ఒక క్లిప్పును పూర్తిగా సరిచేసి దాన్ని ఆధారంగా పెట్టుకోండి. మిగతా రెండింటిలో అదే మనిషి, అదే క్షణం ఉన్న ఫ్రేమును వెతికి, ఆధారపు క్లిప్పుకూ దానికీ మధ్య అటూ ఇటూ మారుతూ స్కోపు చూడండి. వరుస తప్పకండి. ముందు వేవ్‌ఫారమ్‌లో అడుగు, పైభాగం. తరువాత ముఖం ఎత్తు. తరువాత పెరేడ్‌లో తెల్లని వస్తువు. చివరికి వెక్టర్‌స్కోపులో చెంప. వెలుగు కలవకముందే రంగు కలపబోతే అది ఎంతకూ కలవదు. క్లోజప్పులో ముఖం ఫ్రేము నిండా ఉంటుంది, దూరపు షాట్‌లో వేలిగోరంత ఉంటుంది కాబట్టి మొత్తం గీతల ఆకారాలు ఒకేలా ఉండవు. పోల్చవలసింది ఒకే వస్తువు తాలూకు గీతలనే.

స్కోపు చెప్పలేనివి కూడా ఉన్నాయి. ఫోకస్ పోయిందా, ఎల్‌ఈడీ తెర మినుకుతున్నదా, ఆ క్షణంలో తల్లి కళ్లలో తడి తెలుస్తున్నదా అన్నవి దానికి తెలియవు. అవి మీరు చూసుకోవాలి.

ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలును మళ్లీ లోపలికి తెచ్చుకోండి

పని పూర్తయి ఫైలు తయారైన తరువాత దాన్నే మళ్లీ టైమ్‌లైన్‌లోకి తెచ్చి, అసలు టైమ్‌లైన్ మీద పొరగా పెట్టి, నాలుగైదు చోట్ల పై పొరను ఆన్, ఆఫ్ చేస్తూ వేవ్‌ఫారమ్ చూడండి. గీత కదలకుండా ఉండాలి. నలుపు 6కు లేచి తెలుపు 92కు దిగితే మొదట చెప్పిన లెవెల్స్ పొరపాటు ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో జరిగిందని అర్థం. డేటా లెవెల్స్ సరిచేసి మళ్లీ తీయండి. లోకల్ కేబుల్ ఛానెల్‌కు ఇవ్వవలసిన పని అయితే వారి హద్దులు ముందే అడిగి తెలుసుకోండి. యూరప్ ప్రసార సంఘం సిఫారసు ప్రకారం మూడు రంగుల్లో ఏదీ మైనస్ 5 శాతం కిందికి, 105 శాతం పైకి పోకూడదు.

చివరికి ఒక నోటు పుస్తకంలో ఆ కల్యాణమండపం పేరు, అక్కడి లైట్ల కింద గ్రే కార్డు పెరేడ్‌లో చూపిన మూడు అంకెలు, నీలం ఎక్కడ నరికివేయబడిందన్న వివరం రాసిపెట్టుకోండి. ఆ హాల్లోనే మరో పెళ్లి వచ్చినప్పుడు, వేదిక వెనుక నీలి లైట్లను ఎంత తగ్గించాలో ముహూర్తానికి గంట ముందే లైట్‌మ్యాన్‌కు చెప్పగలుగుతారు.